రెండు గీతల కర్ర

"కాలు జారితే పట్టుకోవడానికి అక్కడ ఒక్క కొమ్మయినా ఉందా? ముందు నాకది చెప్పు," అన్నాను.

అప్పటికి మేమింకా కొండ ఎక్కడం మొదలుపెట్టనే లేదు. గడియారాల ఆయన ఇంటి గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని మా అమ్మాయి బూట్ల తాళ్లు బిగించుకుంటోంది. ఇంటి వెనక కొండ. కొండకి అవతలి వైపు, శిఖరానికి సరిగ్గా కింద, సరస్సు. ఆ శిఖరం మీంచి కిందికి చూస్తే నీళ్లు తప్ప ఇంకేమీ కనిపించవని దారిలో ఎవరో చెప్పారు. ఆ మాట విన్నప్పట్నుంచీ ఈ కొమ్మ సంగతే అడుగుతున్నాను.

"అమ్మా, నీకంత భయమైతే ఇక్కడే ఉండు."

"ఇక్కడుంటే తగ్గుతుందా? నువ్వు కనిపించకపోతే ఇంకా పెరుగుతుంది."

"సరే, రా. కానీ పైన నా పని నన్ను చేసుకోనివ్వు. 'అయ్యో, అమ్మో' అనకు. నీ గొంతు అసలే కొండ అవతలికి కూడా వినిపిస్తుంది."

మా అమ్మాయి డిటెక్టివ్. తప్పిపోయినవాళ్లను వెతికిపెట్టడం దాని పని. అది వెతకడానికి బయల్దేరిన ప్రతిసారీ ఎక్కడ అదే తప్పిపోతుందోనని నా భయం. అందుకే వీలైనప్పుడల్లా ఫ్లాస్కు నిండా టీ పోసుకుని వెంటపడతాను. విసుక్కుంటుంది గాని, మొదటి కప్పు మాత్రం అదే తాగుతుంది.

ఈసారి తప్పిపోయినది గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన. ప్రతి వారం లాగే నిన్న పొద్దున ఆయన, ఆయన బావమరిది కలిసి శిఖరానికి వెళ్లారు. మధ్యాహ్నానికి బావమరిది ఒక్కడే దిగాడు. శిఖరం మీద ఆయన చేతికర్ర ఒక్కటే దొరికిందట. పోలీసులు నిన్న సాయంత్రం నుంచి సరస్సులో వలలు వేసి వెతుకుతున్నారు. బావమరిదే తోసేశాడని వాళ్ల అనుమానం, పొద్దున్నే అతన్ని వెంట తీసుకెళ్లారు. గడియారాల ఆయన భార్య పొద్దున్నే మా అమ్మాయికి ఫోన్ చేసి, "నా భర్తనో నా తమ్ముణ్ణో అడగడం లేదమ్మా, ఇద్దర్నీ తెచ్చిపెట్టు," అంది.

ఇందులో ఇంకో చిక్కుంది. ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ నాకు స్వయానా తమ్ముడు. అంటే మా అమ్మాయికి మేనమామ. చిన్నప్పుడు దాన్ని భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. ఇప్పుడు ఒక్క కేసులో ఇద్దరూ తలపడ్డారంటే ఆ వారం మా ఇంట్లో భోజనాల దగ్గర గరిటె చప్పుడు తప్ప వేరే చప్పుడుండదు.

మేము లోపలికి వెళ్లాం. గదిలో గోడ నిండా గడియారాలు. అన్నీ ఒకే టైము చూపిస్తున్నాయి. కిటికీ పక్కన మెత్త వేసిన కుర్చీలో ఆవిడ కూర్చుని ఉంది, ఆకుపచ్చ శాలువా కప్పుకుని. లేవబోయి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని మళ్లీ కూర్చుండిపోయింది.

"లేవకండి. నిన్న వాళ్లు ఎన్నింటికి బయల్దేరారు?" అడిగింది మా అమ్మాయి.

"ఎనిమిదికి. ఇక్కడ గడియారాలన్నీ ఒక్కసారే కొడతాయి కదా. ఆ మోతలో ఆయన గుమ్మం దగ్గర ఏదో అన్నారు. నాకు వినపడలేదు. వచ్చాక అడుగుదాంలే అనుకున్నాను."

"మీ తమ్ముడు ఎప్పుడు దిగారు?"

"ఒంటిగంట దాటాక. వస్తూనే 'బావ రాలేదా?' అని నన్నే అడిగాడు. చంపినవాడు అలా అడుగుతాడా అమ్మా?"

"నేనలా అనలేదండీ."

"ఆ పోలీసాయన అంటున్నాడు. మాట కఠినం. మనసులో ఏముందో గాని."

నేను ఫ్లాస్కు మూత తిప్పుతూ తలొంచుకున్నాను. ఆ పోలీసాయన నా తోడబుట్టినవాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఇద్దరికీ గొడవలున్నాయా?"

"అలకలున్నాయి. గొడవలు లేవు. నెలకోసారైనా మాటలు మానేస్తారు. ఈసారి ఎందుకో వాడు చెప్పడు. అడిగితే నేల చూపులు చూస్తాడు."

మా అమ్మాయి కళ్లు అప్పటికే కిటికీ మీద ఉన్నాయి. కిటికీ చెక్క మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా రాళ్లు పేర్చి ఉన్నాయి. చిన్నవి, నున్నటివి, ఒకదాన్నొకటి ఆనుకుని.

"ఇవేంటండీ?"

ఆవిడ మొహంలో ఎక్కడినుంచో నవ్వు వచ్చి వెళ్లింది. "నా మోకాళ్లు పాడైన కొత్తలో కోపమొచ్చి అన్నాను. ఇక నేను కొండ ఎక్కలేను, ఆ కొండనే తెచ్చి నా కిటికీలో పెట్టండి అని. అప్పట్నుంచీ వెళ్లినప్పుడల్లా ఒక రాయి తెస్తారు. జేబురుమాల్లో చుట్టి తెచ్చి నా ఒళ్లో పెడతారు. రుమాలు తడిసి ముద్దయి ఉంటుంది, నా చీర కూడా తడుస్తుంది. తిడతాను. అయినా మానరు."

"దిగేటప్పుడు ఏ దారిన వస్తారు?"

"ఎక్కడం కొత్త మెట్ల దారిన ఎక్కుతారు. దిగడం మాత్రం పాత దారి. అది మా పెరటి తలుపు దగ్గరికే వస్తుంది. మెట్లు దిగితే నడుం పట్టేస్తుందంటారు."

మా అమ్మాయి ఒక రాయి తీసి బొటనవేలితో రుద్ది, నా అరచేతిలో పెట్టింది. కోడిగుడ్డు పట్టుకున్నట్టుంది. మళ్లీ తీసుకుంది. "దీన్ని తీసుకెళ్లనా? మళ్లీ తెచ్చిస్తాను."

"దాంతోపాటు ఆయన్ని కూడా తెచ్చివ్వు. నువ్వు తేలేకపోతే చెప్పు, నేనే వెళ్తాను," అంది ఆవిడ మోకాళ్లు నొక్కుకుంటూ.

అలాంటి మాటలు బాధలో అందరూ అంటారు. నేనూ అన్నాను చాలాసార్లు. అందుకే పట్టించుకోలేదు.

మెట్ల దారి దగ్గర మా అమ్మాయి నాకొక కర్ర ఇచ్చింది. గొడుగు కాడ లాంటి లోహపు గొట్టం, ఒకదాన్లో ఒకటి దూరి ఉంటుంది. మీట నొక్కి లోపలికి తోసి పొట్టి చేసింది.

"ఇంత పొట్టిదా? నేనేం మరుగుజ్జునా?"

"ఎక్కేటప్పుడు పొట్టిగా ఉండాలమ్మా. మెట్టు పైన ఉంటుంది కదా, పొడుగుంటే చెయ్యి చెవి దాకా లేస్తుంది. దిగేటప్పుడు మళ్లీ పొడుగు చేస్తాను. అప్పుడు నేల కిందికి పోతుంది, కర్ర అందాలి."

"ఒక్క కర్రకి ఇన్ని వేషాలా," అన్నాను గాని, నాలుగు మెట్లు ఎక్కాక అది చెప్పిందే నిజమనిపించింది. మెట్లన్నీ ఒక్క ఎత్తున లేవు. ప్రతి మలుపులోనూ నాకు ఇద్దరం దొర్లిపోతున్నట్టు కనిపించింది. ఎంత దూరం పోతామో, ఎవరు ముందు కనుక్కుంటారో, ఫ్లాస్కు పగిలిపోతుందో లేదో, అన్నీ కనిపించాయి. అది మాత్రం చేతులూపుకుంటూ నడిచింది.

పైన చదునైన నల్లబండ. దాని మీద మనిషి కూర్చునేంత ఎత్తున ఇంకో బండ. ఆ తర్వాత అంచు. అంచు కింద సరస్సు, ఎండలో పళ్లెంలా మెరుస్తోంది. అందులో చీమల్లా పోలీసు పడవలు. నేను అంచుకి దూరంగా, మా అమ్మాయి చున్నీ కొస పట్టుకుని నిలబడ్డాను.

నడుముకి తాళ్లు కట్టుకున్న మనుషులిద్దరు అంచు దగ్గర ఏదో కొలుస్తున్నారు. వాళ్ల మధ్య మా తమ్ముడు.

"అక్కా, నిన్ను కూడా ఎక్కించిందా ఇది?"

"నేనే ఎక్కానురా. నీ నడుం ఎలా ఉంది? రాత్రంతా పడవలోనే ఉన్నావట."

"కానిస్టేబుల్ ముందు నా నడుం సంగతి ఎందుకే," అన్నాడు గొంతు తగ్గించి.

ఆ కానిస్టేబుల్ పక్కన నేల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. గట్టి మనిషి, తెడ్డు వేసి వేసి కాయలు కాసిన చేతులు. గడియారాల ఆయన బావమరిది అతనే. సరస్సులో పడవ నడుపుతాడు. ఎక్కడ గొడవ పడ్డారో చూపించమని పొద్దున్నే పైకి తీసుకొచ్చారట. రాత్రంతా ఏడ్చిన కళ్లు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ కర్ర చూడొచ్చా?" అంది మా అమ్మాయి.

"మామయ్యా అంటే చూపిస్తాను."

"కేసులో ఉన్నప్పుడు అనను."

"అయితే దూరం నుంచి చూడు. ఇదిగో, ఈ బండ ఆయన ఎప్పుడూ కూర్చునే చోటు. కర్ర దీనికి ఆనించి ఉంది. ఇక్కణ్ణుంచి అంచు ఎంత దూరమో నీకే కనిపిస్తోంది. అంచు మీద బూటు రాసుకున్న గుర్తుంది. నిన్న పదకొండు ప్రాంతంలో ఒక జంట పైకొస్తూ ఇద్దరూ అరుచుకోవడం విన్నారు. ఇతనన్న మాట కూడా విన్నారు. 'నువ్వు బతికుండగా అది జరగదులే బావా' అన్నాడు. ఏది జరగదయ్యా అంటే నోరు విప్పడు. ఇంకేం కావాలి నీకు?"

"కర్ర కావాలి."

మా తమ్ముడు నా వైపు చూశాడు. నేను కళ్లతోనే 'ఇవ్వరా' అన్నాను. కానిస్టేబుల్ ప్లాస్టిక్ సంచిలో ఉన్న కర్ర తెచ్చిచ్చాడు. నా చేతిలో ఉన్నలాంటిదే, కాస్త ఖరీదైనది. మా అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, సంచి పైనుంచే గొట్టాన్ని వేలితో తడిమింది.

"ఇక్కడ చూడండి. లోపలి గొట్టం మీద రెండు గీతలున్నాయి. వెంట్రుకంత సన్నంగా, చుట్టూ ఒక్క తీరుగా. ఆకురాయితో గీసినవి. గడియారాలు బాగుచేసే చెయ్యి అది. ఒక గీత ఎక్కడానికి, ఒకటి దిగడానికి. ప్రతిసారీ అందాజుగా పెట్టుకోవడం ఆయనకి నచ్చదు."

"అయితే?"

"ఇప్పుడు కర్ర ఏ గీత దగ్గర బిగించి ఉంది? పొడుగు గీత దగ్గర. అమ్మా, నీ కర్ర ఎంతుంది?"

"పొట్టిగానే ఉంది. నువ్వేగా పెట్టావు."

"ఇప్పుడు ఈ బండ మీద కూర్చుంటే పొడుగు చేసుకుంటావా?"

"నాకేం పని. దిగేటప్పుడు నువ్వే చేస్తావు కదా."

"అంతే." మా అమ్మాయి లేచి నిలబడింది. "ఇది దిగుతున్న మనిషి కర్ర. అంచు దగ్గర కూర్చున్న మనిషిది కాదు. నిన్న ఆయన కర్ర పొడుగు చేసుకుని దిగడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కర్ర ఒక్కటే మళ్లీ పైకొచ్చింది. ఆయన ఇక్కడ పడలేదు."

నా గుండె బరువు దిగింది. పట్టుమని ఒక్క నిమిషం కూడా దిగి ఉండలేదు. మా తమ్ముడు మెల్లగా చప్పట్లు కొట్టాడు.

"భేష్ కోడలు పిల్లా. కర్రకి కాళ్లు లేవు. ఎవరో మోసుకొచ్చారు. ఎవరికవసరం? ఆయన పైనుంచి పడ్డాడని మనం అనుకోవాలని చూసేవాడికి. దిగుతున్నాయన్ని దారిలో ఏదో చేసి, కర్ర తెచ్చి ఇక్కడ పెట్టాడు. నిన్నట్నుంచీ నా కేసులో ఒక మేకు తక్కువైంది. అది నువ్వే కొట్టిచ్చావు." కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "ఇతన్ని స్టేషన్‌కి తీసుకెళ్లు. ఏది జరగదో అక్కడ గుర్తొస్తుంది."

పడవాయన లేవలేదు. కాదనలేదు కూడా. చేతులు ముందుకు చాపాడు, కట్టేసుకోండి అన్నట్టు. కింద కిటికీ దగ్గర కూర్చున్న ఆవిడ నా కళ్ల ముందు మెదిలింది. ఇద్దర్నీ తెచ్చిపెట్టు అంది. ఇప్పుడు ఇద్దరూ పోయేలా ఉన్నారు.

"ఒక్క ప్రశ్న అడిగి వదిలేస్తాను," అంది మా అమ్మాయి. అతనికెదురుగా నేల మీద కూర్చుంది. "ఈ కర్ర మీకు ఎక్కడ దొరికింది?"

అతను చాపిన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"దొరికిందా, లాక్కున్నాడా?" అన్నాడు మా తమ్ముడు.

మా అమ్మాయి జేబులోంచి నున్నటి రాయి తీసి అతని అరచేతిలో పెట్టింది. "మీ అక్క కిటికీలోది. ఈ శిఖరం మీద ఎక్కడ వెతికినా ఇలాంటిది ఒక్కటి లేదు. అన్నీ చెయ్యి కోసే రాళ్లే. ఇంత నున్నగా అవ్వాలంటే నీళ్లలో దొర్లాలి. రుమాలు తడిసేది అందుకే. ఆయన రాయి తెచ్చేది పైనుంచి కాదు, దిగే దారిలోంచి. పాత దారిలో నీళ్లెక్కడున్నాయి?"

అతని వేళ్లు రాయి చుట్టూ ముడుచుకున్నాయి.

నాకు మనసాగలేదు. వెళ్లి అతని పక్కన కూర్చుని ఫ్లాస్కు మూతలో టీ పోసి చేతికిచ్చాను. "ముందిది తాగు బాబూ. పొద్దుట్నుంచీ ఏం తిన్నట్టు లేదు. నాకూ ఉన్నాడొక తమ్ముడు. అలిగితే వారం రోజులు మాట్లాడడు. కానీ సిలిండర్ అయిపోయిందని తెలిస్తే కొత్తది మోసుకొచ్చి గుమ్మంలో పెట్టి, తలుపు కూడా కొట్టకుండా పోతాడు."

"అక్కా," అన్నాడు మా తమ్ముడు పళ్ల బిగువున.

"ఉండరా."

పడవాయన మొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూశాడు. "మేమూ అంతేనండీ," అన్నాడు.

ఇక మాటలు ఆగలేదు.

"అక్కకి ఈ కొండ మీంచి సరస్సు చూపించాలని నా కోరిక. పడవలోళ్లు నలుగురు కుర్చీలో మోసుకొస్తామన్నారు. బావ ఒప్పుకోలేదు. నలుగురిలో ఒక్కడి కాలు జారినా ఆవిడేమైపోతుంది అన్నాడు. నువ్వు బతికుండగా అది జరగదులే అన్నాను. కోపంలో అన్నాను. ఇది అక్కతో ఎలా చెప్పను? తన మోకాళ్ల వల్లే ఇదంతా అనుకుని కుమిలిపోతుంది."

"ఆ తర్వాత?" అంది మా అమ్మాయి.

"నేను విసురుగా మెట్ల దారిన దిగిపోయాను. కొంచెం దిగాక మనసొప్పక మళ్లీ ఎక్కాను. బావ ఇక్కడ లేడు. పాత దారి పట్టాడనుకుని అటు దిగాను. ఊట దగ్గర ఈ కర్ర చెట్టుకి ఆనించి ఉంది. మనిషి లేడు. ఈ కర్ర నేను కొనిచ్చిందేనండీ. నీ కర్ర నాకక్కర్లేదని వదిలేసి పోయాడనుకున్నాను. నాకూ పౌరుషం వచ్చింది. పైకి తెచ్చి ఆయన బండకి ఆనించి పోయాను. వచ్చేవారం వచ్చినప్పుడు ఆయనే తీసుకుంటాడులే అని. మా అలకలన్నీ ఇంతే. ఆయన ఫ్లాస్కు తెచ్చి నా పడవలో పెట్టి పోతాడు. నేను వెళ్లి కొట్టు ముందు ఊడ్చి వస్తాను. మాట మాత్రం ఉండదు."

"ఊట దగ్గర ఆయన్ని పిలిచారా?"

టీ చల్లారిపోయింది. అతను తాగలేదు.

"ఒక్కసారైనా?"

"ముందు నేనెందుకు పిలవాలి అనుకున్నానండీ," అన్నాడు. తల మోకాళ్ల మీద పెట్టేసుకున్నాడు.

మా తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "కథ బాగుంది. కానీ పాత దారి నిన్న సాయంత్రమే మా వాళ్లు చూశారు. ఎవరూ లేరు."

"దారి చూశారు మామయ్యా," అంది మా అమ్మాయి. "దారి కింద చూశారా?"

ఆ 'మామయ్యా' అది కావాలని అందో, నోరు జారిందో నాకు తెలియదు. వాడు మాత్రం రెండు క్షణాలు దాని మొహం చూసి, తాళ్ల వాళ్ల వైపు తిరిగి, "తాళ్లు చుట్టండి. పాత దారికి," అన్నాడు.

దిగడం ఎక్కడం కన్నా ఘోరం. మా అమ్మాయి నా కర్ర పొడుగు చేసిచ్చింది. పాత దారి మట్టి దారి, ఒక పక్క కొండ, ఒక పక్క పొదలు. నా ముందు మా తమ్ముడు నడిచాడు, అడుగడుగునా వెనక్కి తిరిగి నా పాదాలు చూసుకుంటూ. కొంచెం దిగగానే ఊట వచ్చింది. రాతి సందులోంచి వేలంత లావున నీళ్లు కారి, దారి దాటి, పొదల కిందికి లోతుగా దిగిపోతున్నాయి. పొదలు దట్టంగా ఉన్నాయి. లోపల ఏముందో కనిపించదు.

"కర్ర ఈ చెట్టుకే ఉందండీ," చూపించాడు పడవాయన.

మా అమ్మాయి చెట్టు దగ్గర ఆగలేదు. చెట్టు వెనక్కి వెళ్లి, దారి అంచున బోర్లా పడుకుంది. నాకు ప్రాణం పోయినట్టయింది. దాని కాలు పట్టుకున్నాను. అది చెయ్యి కిందికి చాపి, "ఇదిగో," అంది.

దారికి అడుగు కింద, బల్లలా ఉన్న ఒక రాతి మీద తెల్ల రుమాలు. నాలుగు మూలలూ సరిచేసి పరిచి ఉంది. ఎగిరిపోకుండా మీద చిన్న రాయి.

"కొట్లో కూడా ఇంతేనండీ," అన్నాడు పడవాయన. "ఏ గడియారం విప్పినా ముందు గుడ్డ పరుస్తాడు."

"రాయి తెచ్చి చుట్టుకోవడానికి గుడ్డ సిద్ధం చేసుకున్నారు," అంది మా అమ్మాయి. "కిందికి దిగాలంటే రెండు చేతులూ కావాలి. అందుకే కర్ర చెట్టుకి ఆనించారు. మీ మీద కోపంతో కాదు."

ఆ మాట విని అతను చెట్టుని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

తాళ్లవాళ్లలో పెద్దవాడు పొదలు తప్పించి చూసి వెనక్కి వచ్చాడు. "సార్, కింద నీళ్లు రెండు పాయలుగా చీలాయి. రెండూ లోతే. ఆయన ఏ పాయలో ఉన్నాడో తెలియకుండా దిగలేం. కాలు పెడితే రాళ్లు దొర్లుతాయి. అవి నేరుగా మనిషి మీదే పడతాయి."

"పిలవండి," అన్నాడు మా తమ్ముడు.

అందరూ పిలిచారు. ముందు మా తమ్ముడు, స్టేషన్ గొంతుతో. తర్వాత మా అమ్మాయి. తర్వాత పడవాయన. "బావా" అని పిలిచాడు. నిన్న పిలవనిదంతా ఇప్పుడు పిలిచాడు. గొంతు బొంగురుపోయి, మాట పోయి, ఊపిరి ఒక్కటే వచ్చేదాకా పిలిచాడు. కింద నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

మా తమ్ముడు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వాడు టోపీ తీశాడంటే ఆశ వదులుకున్నట్టేనని నాకు తెలుసు. మా అమ్మాయి మొహం చూశాను. అది పెదవి కొరుకుతోంది, ఏడేళ్లప్పుడు కొరికినట్టే.

నేను చూడలేక అటు తిరిగాను, కింద ఇళ్లవైపు. పాత దారి అక్కణ్ణుంచి మెలికలు మెలికలుగా కనిపిస్తోంది. మొదటి మెలిక దాటి, రెండో మెలికలో, ఏదో ఆకుపచ్చగా కదిలింది. ముందు పొద అనుకున్నాను. అది ఆగింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. మళ్లీ కదిలింది.

శాలువా.

మా అమ్మాయి ఏం అనొద్దందో నాకప్పుడు గుర్తు లేదు.

"అయ్యో, ఆవిడ ఎక్కుతోంది," అని అరిచాను. "ఒరేయ్, గడియారాల ఆయన భార్య ఎక్కుతోందిరా. ఆ మోకాళ్లతో. ఒక్కతే. చేతిలో కర్ర కూడా లేదు. ఆ వంపు దగ్గర అంతా జారుడు మట్టి, అక్కడ కాలు పెట్టిందంటే ఇంకేమైనా ఉందా? పట్టుకోవడానికి ఒక్క కొమ్మ కూడా లేదు. ఎవరైనా వెళ్లి ఆపండి ఆవిణ్ణి."

నా గొంతు కొండకి తగిలి తిరిగొచ్చింది. పడవాయన "అక్కా" అంటూ దారిన పడి కిందికి పరిగెత్తాడు. ఈసారి కానిస్టేబుల్ అతన్ని ఆపలేదు. నేను ఇంకా ఏదో అనబోయాను.

మా అమ్మాయి నా నోటి మీద చెయ్యి పెట్టింది.

ఎవరూ కదల్లేదు. మా తమ్ముడు ఒక కాలు గాల్లోనే ఉంచి నిలబడ్డాడు. నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఎంతసేపో నాకు తెలియదు. నా నోటి మీదున్న అరచెయ్యి చెమటతో తడిసింది. ఇక లేదు, ఇక లేదు, అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను.

అప్పుడు ఎడమ పాయలోంచి, నీళ్ల చప్పుడుకి కింద, ఒక గొంతు వచ్చింది. ఎండిపోయిన గొంతు. నీరసంగా, కానీ బాగా విసుక్కుంటూ.

"కూర్చోమనండి దాన్ని," అంది. "ఎక్కడుందో అక్కడే కూర్చోమనండి. నేను వస్తున్నానని చెప్పండి."